పట్టా వెనుక దస్త్రం పదిలమేనా?

ఆమోదం ఒక గదిలో, సిలబస్ మరో గదిలో - నలిగేది విద్యార్థి

డిగ్రీలో చేరే రోజుల్లో తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు చాలా ఉంటాయి. ఫీజు ఎంత? హాస్టలు ఉందా? బస్సు ఎన్ని గంటలకు? చదువయ్యాక ఉద్యోగం వస్తుందా? అడగవలసిన ప్రశ్న ఒకటి మాత్రం ఎవరూ అడగరు. ఈ కోర్సుకు విశ్వవిద్యాలయం ఆమోదం ఏ తేదీన వచ్చింది? ఆమోదించిన పాఠ్యప్రణాళిక ప్రతి ఎక్కడుంది?

అడగకపోవడంలో వింత లేదు. అదంతా ఆఫీసు వ్యవహారం, మనకెందుకు అనుకుంటారు. కళాశాల గేటు మీద పేరుంది, లోపల అధ్యాపకులున్నారు, పరీక్షలు జరుగుతున్నాయి, ఇంకేం కావాలి? కాని అసలు అవసరం అయిదేళ్లకో పదేళ్లకో వస్తుంది. ఉపాధ్యాయ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, డిగ్రీలో ఫలానా సబ్జెక్టు చదివినట్లు చూపమంటారు. మరో రాష్ట్రంలో పి.జి.కి వెళితే మీ డిగ్రీ మా డిగ్రీకి సమానమేనని కాగితం తెమ్మంటారు. అమెరికాకో, జర్మనీకో వెళ్లేవారిని కొన్ని చోట్ల నాలుగు సంవత్సరాల సిలబస్ ధ్రువీకరించి పంపమంటారు. అప్పుడు మొదలవుతుంది తిరుగుడు. కళాశాలకు వెళితే విశ్వవిద్యాలయానికి వెళ్లమంటారు. అక్కడికి వెళితే ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు పంపుతారు. చలానా కట్టడం అయిదు నిమిషాల పని. పాత సిలబస్ దొరకడమే గగనం.

విద్యార్థి తప్పు ఇందులో ఏముంది? ఏమీ లేదు. అతడు చదివాడు, ప్యాసయ్యాడు. అతడు చదివిన కోర్సును ఎవరు, ఎప్పుడు, ఏ రూపంలో ఆమోదించారో చూపే దస్త్రం మాత్రం చేతికందే చోట లేదు.

దస్త్రం నడిచే దారి

ఒక కొత్త కోర్సు పుట్టుక ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. కళాశాల ప్రతిపాదన పంపుతుంది. అధ్యాపకులెందరు, ప్రయోగశాల ఉందా, గ్రంథాలయంలో పుస్తకాలెన్ని, గదులెన్ని అని నిండా వివరాలు రాస్తుంది. కొత్త కోర్సుకు ఉన్నత విద్యామండలి అనుమతి కావాలి. విశ్వవిద్యాలయం నుంచి తనిఖీ సంఘం వచ్చి చూసి వెళుతుంది. ఆ నివేదిక మీద అనుబంధ గుర్తింపు ఇస్తారు.

ఇది ఒక దారి. సిలబస్‌ది వేరే దారి. దానిని బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనే పాఠ్యప్రణాళికా సంఘం తయారు చేస్తుంది. ఆ సబ్జెక్టు ఆచార్యులు, కళాశాలల అధ్యాపకులు, బయటి నిపుణులు అందులో ఉంటారు. వారి తీర్మానం పై సంఘాలకు వెళుతుంది. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం చదువు విషయాలకు అకడమిక్ సెనేట్, పరిపాలనకు పాలకమండలి ఉన్నాయి. ఇవి కూర్చునేది ఎప్పుడో గాని కాదు. అంతవరకు ఆగలేని వాటికి ఉపకులపతి ముందుగా ఆమోదం ఇచ్చి, తర్వాతి సమావేశంలో ఖాయపరుస్తారు. దీనినే ఆఫీసు భాషలో రాటిఫికేషన్ అంటారు.

మూడో దారి పరీక్షల విభాగానిది. పేపరు కోడ్, మార్కుల విభజన, క్రెడిట్లు, ప్రశ్నపత్రం నమూనా అక్కడ నమోదు కావాలి. అక్కడ నమోదైన పేరే రేపు మార్కుల మెమో మీద అచ్చవుతుంది.

చూడండి. గుర్తింపు కాగితం ఒక సెక్షన్‌లో, సిలబస్ తీర్మానం మరో సెక్షన్‌లో, పేపరు కోడ్ మూడో సెక్షన్‌లో. ఈ మూడూ ఒకే కోర్సుకు చెందినవి. కాని మూడింటికీ మూడు ఫైలు నంబర్లు. ఒకదానిలో మార్పు వస్తే రెండోదానికి తెలియాలన్న నియమం ఎక్కడా గట్టిగా లేదు. బోర్డు ఒక పేపరు పేరు మారిస్తే, పరీక్షల విభాగంలో పాత పేరే మిగిలిపోవచ్చు. మెమో మీద ఒక పేరు, సిలబస్ పుస్తకంలో మరో పేరు. ఇంటర్వ్యూలో కూర్చున్న అధికారికి ఈ రెండూ ఒకటేనని ఎవరు చెప్పాలి?

పాఠం చెప్పేదొకరు, పట్టా ఇచ్చేదొకరు

ఈ చిక్కుకు మూలం నిన్నా మొన్నటిది కాదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పెట్టారు. పాఠాలు కళాశాలలు చెప్పాలి, పరీక్ష పెట్టి పట్టా విశ్వవిద్యాలయం ఇవ్వాలి. చెప్పేవారు వేరు, ధ్రువీకరించేవారు వేరు. ఇద్దరి మధ్య నమ్మకానికి వారధి కాగితమే. కళాశాల తనకున్నదేమిటో రాసి పంపాలి, విశ్వవిద్యాలయం చూసి ముద్ర వేయాలి. నేటికీ మన డిగ్రీ కళాశాలల్లో హెచ్చు భాగం ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

గోదావరి జిల్లాల సంగతే తీసుకుందాం. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల 1853లో పాఠశాలగా ఆరంభమై తర్వాత కళాశాలగా ఎదిగింది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల 1884 నాటిది. ఇవి మొదట మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టాక దాని కిందికి వచ్చాయి. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఉభయగోదావరి జిల్లాల డిగ్రీ కళాశాలలు దాని పరిధిలో చేరాయి. ఈ రెండు కళాశాలలకూ స్వయంప్రతిపత్తి వచ్చింది గనుక తమ సిలబస్ తామే తయారు చేసుకుంటున్నాయి. పట్టా మాత్రం విశ్వవిద్యాలయానిదే.

అంటే కళాశాల కదలలేదు, గోడలు మారలేదు, కాని దాని దస్త్రం మూడు విశ్వవిద్యాలయాలు తిరిగింది. ఇలాంటి కళాశాల ఒకటీ రెండూ కాదు. 2006 నుంచి 2008 వరకు కడప, నెల్లూరు, మచిలీపట్నం, శ్రీకాకుళంలలోను, తెలంగాణలో నిజామాబాదు, నల్లగొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్‌లలోను కొత్త విశ్వవిద్యాలయాలు వచ్చాయి. జిల్లాకో విశ్వవిద్యాలయం రావడం మంచిదే. దూరం తగ్గింది. కాని పాత బ్యాచ్‌ల విద్యార్థికి దూరం తగ్గలేదు. అతడు చదివిన ఏడాదికి ఏ విశ్వవిద్యాలయం ఉందో ఆ గడపే ఎక్కాలి. అమలాపురంలో 2003లో డిగ్రీ చదివిన వ్యక్తికి సిలబస్ కావలసి వస్తే రాజమహేంద్రవరం కాదు, విశాఖపట్నం వెళ్లాలి. ఇది తెలియక తిరిగేవారు ఎందరో.

పదేళ్లలోపే మూడు మార్పులు

ఒకప్పుడు సిలబస్ మార్పు అంటే ఎప్పుడో ఒకసారి జరిగేది. అన్నకు కొన్న పుస్తకం తమ్ముడికీ పనికొచ్చేది. ఇప్పుడా రోజులు పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో డిగ్రీకి ఐచ్ఛిక క్రెడిట్ల విధానం, సెమిస్టర్లు వచ్చాయి. 2020-21లో దానిని సవరించారు. 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి పెట్టారు. అంతకుముందు ఎం.పి.సి., బి.జెడ్.సి., హెచ్.ఇ.పి. అని మూడు సబ్జెక్టుల గ్రూపులు ఉండేవి. కొత్త పద్ధతిలో ఒకటి మేజర్, మరొకటి మైనర్ అయ్యాయి. తెలంగాణలో ఐచ్ఛిక క్రెడిట్ల విధానం 2016-17లో వచ్చింది.

ఈ మార్పులు మంచివా, కావా అన్నది వేరే చర్చ. దస్త్రం సంగతి చూద్దాం. ఒకే కళాశాలలో ఒకే సంవత్సరం రెండు పద్ధతుల విద్యార్థులు ఉంటారు. ఫెయిలయి పాత పేపర్లు మిగిలినవారిని కలిపితే మూడు పద్ధతులవారు ఉంటారు. 2019లో చేరిన విద్యార్థికి ఒక పేపరు మిగిలిపోయిందనుకుందాం. అతడు 2023లో పరీక్షకు కట్టాడు. అతడికి ఏ సిలబస్‌లోంచి ప్రశ్నలు ఇవ్వాలి? పాత పేపరుకు కొత్తదానిలో సమానమైన పేపరు ఏది? అసలు సమానమైనది ఉందా? దీనికి జవాబు సిలబస్ మార్చిన రోజునే రాసిపెట్టుకోవాలి. రాయకపోతే పరీక్షకు నెల ముందు హడావుడి. ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు ఫోన్లు. ప్రశ్నపత్రం తయారు చేసేవారికి ఏ ప్రతి పంపారో, విద్యార్థి ఏ ప్రతి చూసి చదివాడో తెలియదు. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం విప్పాక గాని తేడా బయటపడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే.

బి.ఇడి.లోను, ఉపాధ్యాయ నియామకాల్లోను డిగ్రీలో చదివిన సబ్జెక్టులే అర్హతకు ఆధారం. మూడు సబ్జెక్టుల గ్రూపు చదివినవారికి ఈ లెక్క సులువు. మేజర్, మైనర్ చదివినవారికి ఏది ఎంత చదివారో విడమరిచి చూపవలసి ఉంటుంది. అందుకు కావలసింది మార్కుల మెమో ఒక్కటే కాదు. ఆ ఏటి ఆమోదిత ప్రణాళిక కూడా.

ఢిల్లీ నేర్పిన పాఠం

ఆమోదం పక్కాగా లేకుండా కోర్సు మొదలైతే ఏమవుతుందో చెప్పడానికి ఢిల్లీ విశ్వవిద్యాలయం అనుభవం చాలు. 2013లో అక్కడ మూడేళ్ల డిగ్రీని తీసివేసి నాలుగేళ్ల డిగ్రీ పెట్టారు. వేలాది విద్యార్థులు చేరారు. ఒక ఏడాది చదువు గడిచింది. 2014 జూన్‌లో, సరిగ్గా కొత్త ప్రవేశాల సమయంలో, విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్ అభ్యంతరం చెప్పి మూడేళ్ల కోర్సుకు మళ్లమని ఆదేశించింది. కొద్దిరోజుల పోరు తర్వాత విశ్వవిద్యాలయం తలవంచింది. ప్రవేశాలు ఆలస్యమయ్యాయి. అప్పటికే ఒక ఏడాది చదివిన పిల్లల సిలబస్‌ను మళ్లీ సర్దవలసి వచ్చింది.

తప్పెవరిదన్న వాదన ఎలా ఉన్నా, నష్టం ఎవరికన్నది స్పష్టం. దేశ రాజధానిలోని పెద్ద విశ్వవిద్యాలయానికే ఇలా జరిగితే, పత్రికల్లో పేరు రాని చిన్న ఊరి కళాశాల విద్యార్థి గోడు ఎవరు వింటారు?

1956 నాటి యు.జి.సి. చట్టంలో 22వ సెక్షన్ ఒకటి ఉంది. కమిషన్ పేర్కొన్న డిగ్రీలనే విశ్వవిద్యాలయాలు ఇవ్వాలి. 2014లో ఆ పేర్ల జాబితాను గెజెట్‌లో ప్రకటించారు. అందులో లేని పేరుతో డిగ్రీ ఇవ్వదలిస్తే ముందుగా కమిషన్ అనుమతి తీసుకోవాలి. ఆకర్షణ కోసం కొత్త పేరు పెట్టి కరపత్రాలు పంచడం సులభం. ఆ పేరు జాబితాలో ఉందో లేదో చూడడం మొదటి రోజే జరగాలి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు ఆమోదం రాకముందే ప్రకటనలు వేసే యాజమాన్యాలను అదుపు చేయవలసింది విశ్వవిద్యాలయమే.

మందు పాత మాన్యువల్‌లోనే ఉంది

ఈ మాట అనగానే, కంప్యూటర్లు పెడితే అన్నీ సర్దుకుంటాయని కొందరంటారు. సర్దుకోవు. గజిబిజి ఫైలును స్కాన్ చేస్తే కంప్యూటర్‌లో గజిబిజి ఉంటుంది, అంతే. ముందు పద్ధతి కుదరాలి. ఆ పద్ధతిని ఎక్కడినుంచో తెచ్చుకోనక్కరలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మన తాలూకా కచ్చేరీల్లో, కలెక్టరాఫీసుల్లో నడిచిన టాటెన్‌హామ్ పద్ధతిలోనే సగం జవాబు ఉంది.

ఆ పద్ధతిలో వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు పడుతుంది. అది గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కుతుంది. ఆ కాగితం ఏ రోజు ఎవరి బల్ల మీద ఉందో రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. ఫలానా తేదీకి జవాబు రావాలంటే రిమైండరు డైరీలో రాస్తారు. కొన్ని నెలలు ఆగవలసిన వ్యవహారమైతే కాల్‌బుక్‌లో వేస్తారు, మరచిపోకుండా. పదేపదే అవసరమయ్యే సాధారణ ఉత్తర్వులు సబ్జెక్టు వారీగా స్టాక్‌ఫైలులో ఉంటాయి. వ్యవహారం ముగిశాక ఫైలును ఎంతకాలం ఉంచాలో కూడా అప్పుడే నిర్ణయిస్తారు. శాశ్వతంగా ఉంచవలసినది ఆర్.డిస్. కొద్దికాలం తర్వాత తీసివేయదగినది ఎల్.డిస్.

ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. డిగ్రీ సిలబస్‌ను ఆమోదించిన తీర్మానం ఏ తరగతికి చెందుతుంది? దాని మీద ఆధారపడిన విద్యార్థి ఇంకా నలభై ఏళ్లు ఉద్యోగం చేస్తాడు. కనుక అది శాశ్వత దస్త్రమే కావాలి. భూమి అడంగల్‌ను ఎలా కాపాడతామో, సిలబస్ తీర్మానాన్ని అలా కాపాడాలి. రైతుకు భూమి ఎలాగో, పేదింటి పట్టభద్రుడికి డిగ్రీ అలాగ. అతడికున్న ఆస్తి అదే.

చేయవలసినవి ఆరు

మొదటిది: కోర్సుకు ఒకే సంఖ్య. ప్రతిపాదన వచ్చిన రోజున ఒక సంఖ్య ఇవ్వాలి. గుర్తింపు ఉత్తర్వులో, బోర్డు తీర్మానంలో, సిలబస్ మొదటి పేజీలో, పరీక్షల విభాగం పట్టికలో, చివరకు మార్కుల మెమో మీద అదే సంఖ్య ఉండాలి. సిలబస్ సవరించినప్పుడల్లా ఆ సంఖ్య పక్కన సంవత్సరం మారాలి. మెమో చేతిలో ఉన్నవారికి ఏ ప్రణాళిక చదివారో ఎవరినీ అడగకుండా తెలియాలి.

రెండోది: తేదీలను వెనుక నుంచి లెక్కకట్టాలి. పెళ్లి ముహూర్తం పెట్టుకున్న ఇంట్లో పనులన్నీ ఆ రోజునుంచి వెనక్కు లెక్కిస్తారు. ఇక్కడా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరిగాయి. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ ద్వారా జరిగాయి. ఆన్‌లైన్ జాబితాలో కోర్సు కనిపించే రోజే గడువు. ఆనాటికి సిలబస్‌తో సహా పూర్తి ఆమోదం లేని కోర్సును జాబితాలోకి ఎక్కించరాదు. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు. షరతులతో చేర్చుకొని, చేరాక తంటాలు పడడం మానాలి.

మూడోది: చిన్న మార్పుకు చిన్న దారి. పాఠ్యపుస్తకం కొత్త ముద్రణ వచ్చిందని చేర్చడానికీ, కొత్త డిగ్రీ పెట్టడానికీ ఒకే తతంగం అక్కరలేదు. మూడు తరగతులు చేయవచ్చు. పుస్తకాల జాబితా, అచ్చుతప్పుల వంటివి బోర్డు అధ్యక్షుడి స్థాయిలో ముగియాలి. పేపరులోని పాఠ్యాంశాల మార్పు బోర్డు తీర్మానంతో ముగియాలి. డిగ్రీ పేరు, కాలవ్యవధి, క్రెడిట్ల మొత్తం, కొత్త సబ్జెక్టు వంటివి మాత్రం పై సంఘాల దాకా వెళ్లాలి. చిన్నవాటితో అజెండా నిండిపోతే పెద్దవాటిని చూసే తీరిక ఎవరికుంటుంది? వంద పేజీల అజెండాను రెండు గంటల్లో ఆమోదించారంటే చదివి ఆమోదించారని ఎవరూ అనుకోరు.

నాలుగోది: అడిగింది మళ్లీ అడగరాదు. అధ్యాపకుల జాబితా అనుబంధ గుర్తింపుకు ఒక నమూనాలో, న్యాక్ తనిఖీకి మరో నమూనాలో, ఉన్నత విద్యామండలికి ఇంకో నమూనాలో రాసి పంపడం కళాశాలల్లో నిత్యకృత్యం. అధ్యాపకులు పాఠాలు పక్కనపెట్టి ఫారాలు నింపుతున్నారు. ఒకచోట పద్దెనిమిది మంది, మరోచోట ఇరవై మంది అని పడితే మళ్లీ సంజాయిషీ. కళాశాల వివరాలు ఏటా ఒక్కసారి ఒకేచోట నమోదు కావాలి. ఎవరికి కావాలన్నా అందులోంచే తీసుకోవాలి.

అయిదోది: మార్పుతోపాటే సమానతా పట్టిక. కొత్త సిలబస్‌ను ఆమోదించే రోజునే పాత పేపరుకు సమానమైన కొత్త పేపరు ఏదో, పాత సిలబస్‌లో చివరి పరీక్ష ఏ సంవత్సరం జరుగుతుందో రాసి జత చేయాలి. ఈ పట్టిక లేని సిలబస్‌ను పై సంఘం వెనక్కు పంపాలి. ఇది ఒక్క పేజీ పని. కాని పేపర్లు మిగిలిన పిల్లల ఏడాదిని కాపాడే పేజీ అది.

ఆరోది: తుది ప్రతి నలుగురికీ కనిపించాలి. ఆమోదించిన సిలబస్ తేదీతో, తీర్మానం సంఖ్యతో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉండాలి. కొత్తది పెట్టినప్పుడు పాతదాన్ని తీసివేయరాదు. ఇప్పుడు చాలాచోట్ల జరిగేది అదే. కొత్తది వస్తే పాతది మాయమవుతుంది. సైటు మారితే రెండూ మాయమవుతాయి. అందుకే ఏటా ఒక అచ్చుప్రతి బైండు చేయించి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోను, ప్రతి కళాశాలలోను ఉంచాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ రికార్డులను జాబితా కట్టి, క్రమపద్ధతిలో ఉంచి, వీలైనన్ని వివరాలు తామే ప్రకటించాలి. విద్యార్థి దరఖాస్తు పెట్టుకొని ప్రాధేయపడవలసిన పని లేదు. ఇది అతడి హక్కు.

తనిఖీ తగ్గించమని కాదు

ఇదంతా విని, అయితే కళాశాలలను ఇష్టం వచ్చినట్లు వదిలేయమంటారా అని అడిగేవారుంటారు. కాదు. గది లేని కళాశాలకు, గురువు లేని కోర్సుకు గుర్తింపు ఇవ్వరాదు. తనిఖీ ఉండవలసిందే. కాని కాగితం బరువు పెరిగినంత మాత్రాన తనిఖీ పెరగదు.

ఈ విషయంలో బ్రిటన్ అనుభవం చెప్పుకోదగ్గది. అక్కడి పాలిటెక్నిక్‌లకు సొంతంగా డిగ్రీలిచ్చే అధికారం ఉండేది కాదు. వాటి కోర్సులను పరిశీలించి డిగ్రీ ఇవ్వడానికి 1964లో ఒక జాతీయ కౌన్సిల్ పెట్టారు. దాని పేరు కౌన్సిల్ ఫర్ నేషనల్ అకడమిక్ అవార్డ్స్. వాలిడేషన్ అన్న మాట విద్యారంగంలో బాగా నానింది అక్కడే. ఒక్కో కోర్సుకు లావుపాటి దస్త్రం తయారు చేయాలి. బయటినుంచి బృందం వచ్చి అధ్యాపకులను ప్రశ్నిస్తుంది. దీనివల్ల పాలిటెక్నిక్‌ల ప్రమాణాలు పెరిగాయన్నవారున్నారు. అధ్యాపకుల కాలమంతా దస్త్రాలకే పోయిందన్నవారూ ఉన్నారు. 1985లో లిండాప్ సంఘం ఈ వ్యవహారాన్ని విచారించి, సొంతంగా నడవగల సంస్థలను నమ్మి బాధ్యత వాటికే అప్పగించాలని చెప్పింది. 1992 నాటి చట్టంతో ఆ కౌన్సిల్ కథ ముగిసింది. పాలిటెక్నిక్‌లు విశ్వవిద్యాలయాలయ్యాయి. కాని కాగితం పోలేదు. బయటి కౌన్సిల్‌కు రాసే కాగితం లోపలి సంఘానికి రాయడం మొదలైంది.

మన స్వయంప్రతిపత్తి కళాశాలలకు ఇందులో హెచ్చరిక ఉంది. యు.జి.సి. నిబంధనల ప్రకారం వాటి బోర్డులో బయటి నిపుణులు, ఉపకులపతి నియమించే ప్రతినిధి, పరిశ్రమ ప్రతినిధి, పూర్వ విద్యార్థి ఉండాలి. ఇది మంచి ఏర్పాటు. వారు వచ్చి మాట్లాడితేనే ప్రయోజనం. హాజరు పట్టీలో సంతకాలు పెట్టి, టీ తాగి వెళ్లిపోతే ఆ తీర్మానానికి విలువ ఏముంది? నిపుణుడు ఏమన్నాడు, దానికి బోర్డు ఏం చేసింది అన్న రెండు వాక్యాలు మినిట్స్‌లో ఉంటే పది పేజీల లాంఛనం కంటే మేలు.

2021లో యు.జి.సి. క్రెడిట్ల బ్యాంకు పెట్టింది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు అందులో జమ అవుతాయి. ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారే వీలుంటుంది. ఇదీ మంచిదే. కాని బ్యాంకులో ఉండేది అంకె. నాలుగు క్రెడిట్లు అంటుంది గాని, ఆ నాలుగు క్రెడిట్లలో ఏ పాఠాలు చదివాడో చెప్పదు. ఆ సంగతి చెప్పేది ఆమోదిత సిలబస్ ఒక్కటే. అది పోతే అంకె మిగిలినా అర్థం మిగలదు.

ఖర్చు తక్కువ, కావలసింది పూనిక

సిబ్బంది కొరత ఉందన్నది నిజం. విశ్వవిద్యాలయాల్లో పదవీ విరమణ చేసినవారి స్థానాలు ఖాళీగా మిగులుతున్నాయి. ఫైలు ఎక్కడుందో గుర్తున్న సూపరింటెండెంటు రిటైరైతే ఆ జ్ఞాపకం కూడా ఇంటికి వెళ్లిపోతుంది. రిజిస్టరు కావలసింది అందుకే. మనిషి జ్ఞాపకం మీద నడిచే ఆఫీసు ఆ మనిషి ఉన్నంతకాలమే నడుస్తుంది.

పైన చెప్పిన ఆరింటికీ కొత్త భవనం అక్కరలేదు, పెద్ద బడ్జెట్ అక్కరలేదు. ఒక రిజిస్టరు, ఒక క్యాలెండరు, వాటికి జవాబుదారీగా ఒక అధికారి చాలు. ఇప్పుడు గుర్తింపు ఒకరిది, సిలబస్ ఒకరిది, పరీక్షలు ఒకరివి. ముగ్గురిలో ఎవరిని అడిగినా మిగతా ఇద్దరి పేరు చెబుతారు. కోర్సు దస్త్రం మొత్తానికి రిజిస్ట్రారు ఒక అధికారిని పేరుపెట్టి నియమించి, ఆ పేరు నోటీసు బోర్డు మీద రాయించాలి. రాబోయే ప్రవేశాల నోటిఫికేషన్‌కు ముందే ఈ పని జరగవచ్చు.

అంతవరకు విద్యార్థులు, తల్లిదండ్రులు చేయగలిగింది కూడా ఉంది. కళాశాలలో చేరేముందు మూడు సంగతులు అడగండి. కోర్సు గుర్తింపు ఉత్తర్వు సంఖ్య, తేదీ ఏమిటి? సిలబస్‌ను ఆమోదించిన తీర్మానం ఏది? డిగ్రీ పట్టా మీద అచ్చయ్యే పేరు సరిగ్గా ఏమిటి? ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. చదివిన ప్రతి సెమిస్టరు సిలబస్‌ను ప్రిన్సిపాల్ సంతకంతో ఒక ప్రతి తీసుకొని మార్కుల మెమోలతోపాటు భద్రపరచండి. పదేళ్ల తర్వాత ఆ కాగితాల అవసరం పడినప్పుడు ఏ ఆఫీసు గడపా తొక్కనక్కరలేకుండా అవి ఇంటి బీరువాలోనే దొరుకుతాయి.